నిలబడితే ఆగే బండి

పరిగెత్తినంతసేపు బానే ఉంటాది.
బేరానికి నిలబడితేనే చస్తాది.
బొరుగులు కొలిచిపోసి, చిల్లర లెక్కబెట్టి,
మళ్ళీ కిక్కు కొట్టేలోపు
పక్కసందులో ఇంకొకడు కూతేసి ఉంటాడు.

చోకు లాగితే బతుకుతాది, వదిలితే పోతాది.
"అంటే సన్నజెట్టు మూసుకుపోయింది,"
గడప లోపలి మంచంమీంచే చెప్పినాడు
మా ఆయన దస్తగిరి.

తాడిపత్రి ఎండలో, ఇంటిముందు నల్లబండ మీద
అన్నం పళ్ళెం పెట్టుకొని కార్బురేటరు విప్పినా.
గిన్నె అడుగున, పెట్రోలు కింద,
నానిన ముగ్గుపిండిలాగా
పాలిషు ఫ్యాక్టరీ దుమ్ము.
పన్నెండేండ్లు ఆయన చొక్కాలు జాడిస్తే
బకెట్టు అడుగున మిగిలిందీ ఇదే.

"పిన్నీసు పెట్టొద్దు, బొక్క పెద్దదైతాది.
పాత వైరులోంచి ఒక్క రాగిపోగు తీయి."
పోగు దూరింది. ఇంక ఊదాల.
లోపలికి పోయి జెట్టు ఆయన చేతికిచ్చినా,
అలవాటుగా.
నోటిదాకా తీసుకుపోయి,
కాసేపు చూసి,
నాకే తిరిగిచ్చినాడు.

ఊదినా. నాలుకంతా పెట్రోలు చేదు.
ఎండకెత్తి చూస్తే
సూదిమొనంత ఆకాశం.

గాలిస్క్రూ మెల్లగా చివరిదాకా బిగించి
ఒకటిన్నర చుట్టు వెనక్కి.
కిక్కు. ఇంకో కిక్కు.
చెయ్యి తీసేసినా ఆగలేదు,
టుక్ టుక్ టుక్,
ఎవురూ పట్టుకోకుండానే.

లోపల్నుంచి దగ్గు.
దగ్గు ఆగినాక మాట:
"ఇంకా రవ్వంత తగ్గించు,
ఊరికే పెట్రోలు తాగుతాది."

పళ్ళెంలో ఒక వాషరు మిగిలింది.
ఇది యాడిదో చెప్పమంటే
నవ్వుతాడే గానీ చెప్పడు.