ఏరు ఊడ్చిన పిల్ల

కమ్చట్కాలో, పొగలు కక్కే కొండ కింద
పటంలో పేరు లేని ఒక వాగు.
ఇటెల్మెన్ పిల్ల ఊలిత ఇంటి వెనకే పారుతుంది.
ఊలితకి ఏడేళ్ళు. ముందుపళ్ళు రెండు లేవు.

ఒక వేసవి పొద్దున, ఎవరూ చెప్పకుండానే
ఆ పిల్ల వాగుని శుభ్రం చేసింది.
అడ్డంగా పడున్న ఆల్డర్ దుంగని
తమ్ముడు సావాతో కలిసి గట్టుకి ఈడ్చింది.
కుళ్ళిన ఆకులు గంపలకెత్తింది.
నీళ్ళమీదికి వంగిన విల్లో కొమ్మలు నరికింది.
గులకరాళ్ళు బకెట్లతో మోసి
బురదగా ఉండే ఇంటి దారికి పరిచింది.
"చూడు అమ్మమ్మా, అద్దంలా లేదూ!"

అమ్మమ్మ అగ్రఫేనా చేపలు కోసే కత్తి పక్కన పెట్టి
నడుం మీద చెయ్యేసుకుని చాలాసేపు చూసింది.
"ఇల్లు పీకి పందిరేశావే తల్లీ."
"ఎవరిల్లు?"
"కింద చూడు."

వేలెడంత సాల్మన్ పిల్లలు,
ఒంటిమీద నల్లచారలు,
ఎటు పోవాలో తెలీక ఒకే చోట గింగిరాలు.
దుంగ వెనక నీళ్ళు నిదానించేవి,
అక్కడే వాటి పడక, అక్కడే దాగుడుమూతలు.
ఇప్పుడు దాక్కోడానికి ఏం లేదు.
చేపలు తినే బాతు ఒకటి
తన ఆరు పిల్లల్నీ వెంటేసుకుని
పెళ్ళి భోజనానికి వచ్చినట్టు వచ్చింది.

ఊలిత కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.
"మరి ఆ కుళ్ళు ఆకులు?"
"అవి పురుగుల అన్నం. పురుగులు వీళ్ళ అన్నం."
"కొమ్మలు?"
"నీడ. నీడుంటే నీళ్ళు చల్లన.
చల్లటి నీళ్ళలో ఊపిరి ఎక్కువ పడుతుంది."
రాళ్ళ గురించి అడగడానికి ఊలితకి భయమేసింది.
అమ్మమ్మే చెప్పింది, నెమ్మదిగా:

"సముద్రంలో తిరుగుతున్న ఒక తల్లి ఉంది.
నువ్వు చూడలేదు, నేనూ చూడలేదు.
శీతకాలం ముందు వస్తుంది,
ఈ వాగు వాసనే దారిగా,
ఎన్ని ఏళ్ళు కలిసినా ఇదొక్కటే గుర్తుపట్టి.
వచ్చి, ఒక పక్కకి ఒరిగి, తోకతో కొట్టి కొట్టి
రాళ్ళలో గుంట చేస్తుంది. అందులో గుడ్లు.
మళ్ళీ రాళ్ళే దుప్పటి.
సందుల్లోంచి నీళ్ళు పారితే గుడ్లకి ఊపిరి.
మట్టి పేరుకుంటే ఊపిరాడదు.
ఆ తల్లికి నువ్వేం మిగిల్చావ్?"

మూడు రోజులు మోశారు.
రాళ్ళు మోశారు, ఆకులు మోశారు,
దుంగ మాత్రం ఎదురు తిరిగితే
పక్కింటి ఎరిమే మావయ్య తాడేసి లాగాడు.
నరికిన కొమ్మల్ని తిరిగి అతికించలేరుగా,
తడిమట్టిలో గుచ్చి వదిలేశారు.
విల్లో మొండిది, గుచ్చితే వేరేస్తుంది.
నీడకి మాత్రం ఇంకా ఏళ్ళు పట్టొచ్చు.

సెప్టెంబరు చివర్న, చలిగాలి మొదలయ్యాక,
ఒకే ఒక్క జంట వచ్చింది.
ఒళ్ళంతా కందిపోయిన ఎరుపు,
మగదాని మూతి కొక్కెంలా వంకర.
ఊలిత గట్టుమీద బోర్లా పడుకుని
తోక చప్పుడు వింది.

కొన్నాళ్ళకి రెండూ తేలి ఒడ్డుకి కొట్టుకొచ్చాయి.
"అక్కా, తీసి పారేద్దామా?" అన్నాడు సావా.
"ముట్టుకోకు!" అంది, పెద్దారిందాలా.
"నక్కకో ముద్ద, గద్దకో ముద్ద.
మిగిలింది పురుగులకి, చెట్టు వేళ్ళకి.
సముద్రం మోసుకొచ్చిన కూడు, రా, అది."

వాగు మీద మంచు గడ్డకట్టింది.
కింద, రాళ్ళ చీకట్లో,
నారింజరంగు గుడ్లలో రెండేసి నల్లచుక్కలు: కళ్ళు.
తర్వాత గుడ్డు చిట్లి, పొట్టకి సద్దిమూట కట్టుకుని
ఎవరూ చూడని పిల్లలు కొన్ని కదిలాయి.
ఊలితకి ఒక ముందుపన్ను వచ్చింది.

ఇంటి దారి మళ్ళీ బురదే.
వచ్చినవాళ్ళందరికీ అగ్రఫేనా ఒకటే మాట:
"కాళ్ళు తుడుచుకుని రండి.
రాళ్ళు పనిలో ఉన్నాయి."