తూకం రాసేవాడు

మా రేవులో రెండు త్రాసులు.
చేపలది కొక్కెంతో వేలాడుతుంది,
మనుషులది చెక్కబల్ల మీద ఇనప పలక.
జూన్ నుంచి సెప్టెంబర్ దాకా
రెండు ముళ్ళూ నా ఎదుటే ఊగి ఆగుతాయి.

హైదా గ్వాయ్‌కి ఉత్తరాన చివరి దీవి ఇది.
దీని తర్వాత నీళ్ళు, నీళ్ళ తర్వాత అలాస్కా.
నీటి మీద వాలే విమానం మరీ చిన్నది,
అందుకే దిగినవాణ్ణి దిగినట్టే తూస్తాను,
పోయేటప్పుడు ఎన్ని పెట్టెల సాల్మన్ పడుతుందో
లెక్క ముందే తేలాలి.
నేను అంకె గట్టిగా చదువుతాను,
పైలట్ ఇర్మా అరచేతి మీద రాసుకుంటుంది.
కొందరు పలక ఎక్కి పొట్ట లోపలికి పీలుస్తారు,
ముల్లు మొహమాటపడుతుందేమోనని.

ఆర్విడ్ లిండ్‌క్విస్ట్, సస్కాచెవాన్ గోధుమ రైతు.
ఏడేళ్ళుగా వస్తున్నాడు.
పోయిన ఏడు రెండు వందల నలభై నాలుగు పౌన్లు,
పలక కిర్రుమంటే తనే ముందు నవ్వాడు.

ఈసారి పలక కిర్రుమనలేదు.
బెల్టుకి కొత్త చిల్లులు, మేకుతో పొడిచినవి.
నూట అరవై ఒకటి.
నేను చదవలేదు.
ఇర్మా పెన్ను పట్టుకుని నిలబడింది,
కాగితం మీద రాసి ఆమె చేతికిచ్చాను.
ఆర్విడ్ అన్నాడు:
"మంచిదేలే. ఈ ఏడు చేపలకి ఎక్కువ చోటుంది."
ఎవరికీ నవ్వు రాలేదు. అతనికే కాస్త వచ్చింది.

మర్నాడు మంచు పొగ,
పడవ ముందు భాగం పడవకే కనిపించనంత.
కెల్ప్ అంచున, ముప్ఫై బారల లోతులో,
ఏటవాలుగా కోసిన హెర్రింగ్ ఎర గిరగిరా తిరుగుతూ పోయింది.
రెండు గంటలు ఏమీ లేదు.
కాఫీ చల్లారింది, కొండగాలి మేఘాన్ని దువ్వింది,
అప్పుడు గాలం కడ్డీ వంగి
నీటికి దణ్ణం పెట్టింది.

చినూక్. ఎంత దారం కావాలో అంతా లాక్కుపోయింది.
గైడు కార్ల్ చెయ్యి సాయం పట్టబోతే
ఆర్విడ్ మోచేత్తో తోసేశాడట.
నలభై నిమిషాలు.
మధ్యలో రెండుసార్లు కూర్చున్నాడట,
కడ్డీ మాత్రం దించలేదట.

సాయంత్రం కొక్కేనికి తగిలించాను:
ముప్ఫై నాలుగు.
ఇది మటుకు గట్టిగానే చదివాను.
వెండి రంగు అప్పటికే వెలిసిపోయి
వీపు మీది చుక్కలు మాత్రం తడి మిరియాల్లా మిగిలాయి.

మా నానీ, అంటే మా అమ్మమ్మ,
చేపలు కోసే బల్ల దగ్గర బకెట్ పట్టుకుని నిలబడుతుంది.
అతిథులు కండ పట్టుకుపోతారు,
తలలు సీగల్ పక్షులకి వదిలేస్తారు.
"తల పారేసేవాడు చేపని సగమే పట్టినట్టు" అంటుంది.
ఏడేళ్ళలో ఆర్విడ్ ఆ మాట వినలేదు, అప్పట్లో తొందర.
ఈసారి తనే తల రెండు చేతులా పట్టుకొచ్చి
బకెట్లో జారవిడవకుండా పెట్టాడు.
"దీన్నేం చేస్తారు?"
"కూర్చో" అంది నానీ.

బంగాళాదుంప, ఎండు సముద్రపు నాచు,
పైన ఒక చెంచా ఊలికాన్ నూనె.
ఆ వాసనకి సగంమంది లేచి బయటికి పోతారు.
ఆర్విడ్ పోలేదు.
బుగ్గ కండ ఎలా తియ్యాలో వేలితో చూపించింది నానీ,
కంటి వెనక మెత్తన ఎక్కడుంటుందో చెప్పింది.
ఆసుపత్రి ముచ్చట ఎవరూ ఎత్తలేదు.
గోధుమలకి వానెప్పుడు కావాలో అతను చెప్పాడు,
చేపలకి వానెప్పుడు కావాలో ఆమె చెప్పింది.
రెండో గిన్నె అడిగాడు.
మర్నాడూ అడిగాడు. ఆ మర్నాడు
అడక్కుండానే గిన్నె పట్టుకొచ్చాడు.

వెళ్ళే పొద్దున పొగ విడిచింది.
పెట్టెలు తూచాను, సంచి తూచాను.
ఆర్విడ్ పలక ఎక్కి
నా మొహం వైపు చూడకుండా సముద్రం వైపు చూస్తున్నాడు.
ముల్లు ఊగింది, ఆగింది.

"నూట అరవై మూడు!"

అరిచానేమో, రేవు చివర
నానీ బకెట్ కడగడం ఆపి తలెత్తింది.
ఇర్మా అరచేతి మీద రాసుకుంది.
"బూట్లు తడిసున్నాయి" అన్నాడు ఆర్విడ్.
"కాదు, పులుసు" అంది నానీ,
మళ్ళీ బకెట్లోకి వంగి.