తేదీ రాయని కాగితం

గుణుపురం బడిలో ఆరో తరగతికి భూగోళం చెబుతూ
మంచుదిమ్మెల ఇల్లొకటి బోర్డు మీద గీశాను.
కింద ఎస్కిమోలు అని రాశాను,
నా చిన్నప్పటి పుస్తకంలో ఉన్నట్టే.
రెండో బెంచీలో కుప్పిలి మృదుల చెయ్యెత్తింది.
"ఆ పేరు వాళ్లు పెట్టుకున్నదేనా మాస్టారూ?"
కాదు.
చెరిపి, ఇన్యూట్ అని రాశాను.
సుద్దపొడి గోళ్లలో ఇరుక్కుని
సాయంత్రం దాకా అక్కడే ఉంది.

అంత ఉత్తరానికి ఎందుకు,
వంశధార ఒడ్డున నిలబడితే కనిపించే ఆ కొండ మీద
సవరలు మనల్ని ఏమని పిలుస్తారో
నలభై ఏళ్లొచ్చినా నాకు తెలీదు.

ఆ రాత్రే జాబితా మొదలెట్టాను.
ఇరవై రెండు మంది పిల్లలు, ఒక మినీ బస్సు,
పులిహోర పొట్లాలు, వాంతుల మాత్రలు,
ఫొటోలో పట్టుకోడానికి బేనరు.
హెడ్మాస్టరు సంతకం పెడుతూ అన్నారు:
"గోడబొమ్మలు బాగా తీయించండి,
వార్షిక సంచికకి అట్ట దొరుకుతుంది."
అన్నీ ఉన్నాయి అందులో,
వాళ్లనడిగిన సంగతి తప్ప.

ఆదివారం మోపెడ్ మీద ఒక్కణ్నే ఎక్కాను రెగైసింగికి.
బుధారి గొమాంగ్ చోళ్లు చెరుగుతోంది,
నన్ను చూసీ చేట ఆపలేదు.
మలేరియా మాత్రలు పంచే ఎలియాజ్ సబర
మా ఇద్దరి మధ్యా గొంతుక్కూచున్నాడు.
నేను పొడుగ్గా అడిగింది అతని నోట పొట్టిదైంది.
ఆమె పొడుగ్గా చెప్పింది మరీ పొట్టిదై నాకు చేరింది.
జారిపోయిందంతా ఆ మెట్లచేలలో
ఎక్కడో పడే ఉంటుంది.

"పోయినేడు కార్లో ఎవరో వచ్చారు.
మా మామ కోసం రాసిన గోడ మీద
మెరుపు కొట్టి పోయారు.
ఆ బొమ్మ తర్వాత పర్లాకిమిడి అంగట్లో
చేతిసంచి మీద కనబడింది.
సంచి మీద తాతేం చేస్తున్నాడని
మనవడు అడిగాడు."

ఊట సన్నబడుతోంది, ఎనిమిది మంది చాలు అంది.
కందికోత అయ్యేదాకా వద్దంది.
కంది కొయ్యడం వచ్చా వాళ్లకి, అంది.
రాదన్నాను.
నేర్పిస్తాం, అందులో సిగ్గేముంది అంది.
అప్పుడు చేట పక్కన పెట్టింది.
"మరి మా పిల్లలు మీ ఇళ్లకెప్పుడు రావాలి?"

ఎలియాజ్‌కి అది తెలుగు చెయ్యడానికి కాస్త తడవ పట్టింది.
నాకు జవాబుకి ఇంకా పడుతూనే ఉంది.

సంతరోజు కొండచీపుర్ల మోపు దించి
మా వీధరుగు పక్కన నిలబడే మనిషికి
గుమ్మం ఇవతలి నుంచి నీళ్లందించే చెయ్యి మా అమ్మది.
ఆ గ్లాసు వేరు.
దాన్ని బయటి కుళాయి కింద, విడిగా,
కడిగి బోర్లించే పని
నా పదో ఏట నుంచీ నాది.

దిగేటప్పుడు ఎలియాజ్‌ని అడిగాను,
మమ్మల్ని మీ భాషలో ఏమంటారని.
నవ్వాడు.
అదొక్కటీ తెలుగు చెయ్యలేదు.

జాబితా మళ్లీ రాశాను.
బేనరు కొట్టేశాను, సెల్‌ఫోన్లు కొట్టేశాను,
పొట్లాల చోట బియ్యమూ ఉప్పూ అని రాసి
అవి కూడా అడిగి తేవాలని పక్కన గీత గీశాను.
ఎనిమిది చీటీలు తీశాం. మృదుల పేరు రాలేదు.
కాసేపు బెంచీ అంచు గోకింది.
"వాళ్లొచ్చినప్పుడు మా ఇంట్లో దిగొచ్చా?" అంది,
వాళ్ల నాన్ననడక్కుండానే.

తేదీ ఏదీ, అంటున్నారు హెడ్మాస్టరు.
కందుల్ని అడగాలండీ అన్నాను.
ఆయనకి కోపమొచ్చింది, రావాల్సిందే,
బస్సువాడు అడ్వాన్సు తిరిగివ్వనన్నాడు మరి.

ఆ ఖాళీ గడి కింద ఇంకో గడి గీశాను,
వాళ్లు మన దగ్గరికొచ్చే రోజు అని.
అమ్మకి ఇంకా చెప్పలేదు.