పేజీ ఎనభై ఏడు

బ్రాడీపేట నాలుగో లైన్లో, జిరాక్సు షాపు మీద
రేకుల గది నాది.
పేజీకి నూట ఇరవై.
తెలుగులో ఏడ్చినవాళ్లని
ఇంగ్లీషులో నిలబెట్టడం నా పని.

ఢిల్లీ లాయరుకి గురువారానికల్లా కావాలి.
అక్కడ రిజిస్ట్రీ అని ఒక గడప ఉంది,
జడ్జీల కంటే ముందు అదే చదువుతుంది.
మార్జిన్ చాల్లేదని ఒకసారి,
నలభై ఒకటో పేజీ మసగ్గా ఉందని ఒకసారి
దాసరి ఏసుపాదం చావుని తిప్పి పంపింది.
మళ్లీ నల్లగా కొట్టిచ్చాను.

యార్డులో టిక్కీల నెట్టు కూలింది.
తేజ రకం. మార్చి నెల, మధ్యాహ్నం మూడు.
కమీషన్ షావుకారు కొత్తమాసు వారన్నారు,
హమాలీ మా నౌకరు కాడు,
ఎవరు కేకేస్తే వాళ్ల బస్తా మోస్తాడు.
కింద ఇమ్మన్నారు. పైన వద్దన్నారు.
ఆ పైన ఇక ఒక్క మెట్టే.

సాక్షి, గుమస్తా మస్తాన్ వలీ.
క్రాస్‌లో అడిగారు: చనిపోయినతను మీకేమవుతాడు?
"మా మనిషే సార్."
అంతే, ఇంకేం అన్లేదు.
రాత్రి పదకొండింటికి, కరెంటు పోయి వచ్చాక
'అవర్ మ్యాన్' అని కొట్టి
కింద సంతకం పెట్టాను,
ఇది నిజమైన అనువాదం అని.

మొదటిసారి వచ్చింది ఒక సోమవారం.
ఆ బెంచి ముందు ఆ రోజు అలాంటివి అరవై రెండు.
మన వంతు ఒకటిన్నర నిమిషం.
ఎడమ చేతి జడ్జీ కళ్లజోడు తీశాడు, పెట్టుకున్నాడు,
నోటీసు, అన్నాడు.
కరుణమ్మకి ఫోన్ చేసి చెబితే
"గెలిచామా అమ్మా?" అంది.
ఇంకా వింటామన్నారు, అన్నాను.
మూడేళ్లకి విన్నారు.

లాయరు పంపిన లింకులో, చేతిలోని ఫోన్లో,
అర్ధచంద్రపు బల్ల వెనక ఇద్దరు.
ఒకాయనది కొండల వైపు, ఒకాయనది ఇసక దేశం.
ఎనభై ఏడు తీయండి, అన్నాడు కొండలాయన.
నా గుండె గొంతులోకొచ్చింది.
చదివాడు! రాత్రి ఇంట్లో కూర్చుని
నేను కొట్టిన అక్షరాల దాకా వచ్చాడు.
"అసలు భాషలో ఏమన్నాడు సాక్షి?"
లాయరు జూనియర్ వైపు చూశాడు, జూనియర్ కాయితం వైపు.
"మా... మనీషీ..."
అంత ఎత్తు గదిలో
గుంటూరు మాట తప్పుగా పలికి నిలబడింది,
చెప్పులు చేత్తో పట్టుకున్నట్టు.

మనిషంటే మనిషేగా, అన్నాడు కొండలాయన.
తనవాడని ఒప్పుకున్నాక ఇంకేం రుజువు కావాలి?
రెండో ఆయన మంచినీళ్లు తాగి, మెల్లగా,
మా ఊళ్లో పక్కింటివాణ్ణీ అంటాం ఆ మాట, అన్నాడు.
ఆప్యాయత జీతం చీటీ కాదు.
ఇద్దరికీ కోపం లేదు.
రెండు తీర్పులు రాశారు.
ఒకటి ఇరవై పేజీలు, ఒకటి పద్నాలుగు.
పొంతన కుదరక కట్ట ప్రధాన న్యాయమూర్తి బల్ల ఎక్కింది,
ముగ్గురు వింటారట. ఎప్పుడో.

నిన్న కరుణమ్మ మెట్లెక్కి వచ్చింది.
ఇప్పుడావిడ మిరప తొడాలు తీస్తోంది, ఏసీ గోడౌన్లో.
వేళ్లు ముఖానికి తగలకుండా మోచేత్తో చెమట తుడుచుకుని
"నువ్వు రాసిందాంట్లో తప్పేదైనా వచ్చిందా?" అంది.
లేదమ్మా, అన్నాను. గట్టిగా అనలేకపోయాను.
'సర్వెంట్' అని కొడితే గెలిచేదా?
ఆ మాట మస్తాన్ వలీ అన్లేదు.

ఆవిడే అంది కాసేపాగి:
"పెద్దాసుపత్రిలో చీటీ రాసేవాడు అడిగాడు,
ఎవరి తాలూకు, అని.
యార్డు వాళ్లు పదిమంది ఉన్నారక్కడ.
గుమస్తా గారు కూడా.
ఎవరూ నోరెత్తలా.
వాడు ఖాళీగా వదిలేసి పక్కవాణ్ణి పిలిచాడు."

అది పేపర్ బుక్కులో లేదు.
ఏ పేజీలోనూ ఎవరూ అడగలేదు.

కింద జిరాక్సు మిషను ఇంకెవరిదో కట్ట మింగుతోంది.
యార్డు మీదుగా వచ్చిన గాలికి ఇద్దరం దగ్గాం.
కొంగు ముడి విప్పి వంద తీసింది.
వద్దంటే వినలేదు,
స్టాప్లర్ కింద పెట్టి వెళ్లింది.