ఎనిమిదణాల గొంతు

మట్టెవాడ మైదానంల గుడారం ఏసిండ్రు.
బొమ్మలకు నోరు లేదు.
నా నోటికి ఆటకు ఎనిమిదణాలు, హాలి సిక్కా.
పొద్దంత ఒగ్గు కథ చెప్పి అరిగిన గొంతే
రాత్రికి సీమ దేశపు హత్య చెప్పాలె.

తెర మీది అచ్చరాలు నాకు రావు.
కాజీపేట గార్డు పెరేరా దగ్గర ఆ నవల ఉండె,
అట్ట ఊడి, చాయ మరకలతోటి.
మాపటీలి రైలు పట్టాల పక్కన కూసోని
వచ్చీరాని ఉర్దూల కథంత ఒప్పజెప్పిండు:
జమీందారు తన గుమస్తాను సంపుతడు,
గడియారం పెట్టెల దాస్తడు.
నేరం పడేది లాంతరు పట్టే నౌకరు మీద.
"ఆఖరి రీలు దాక ఆగు.
తెల్ల చేతితొడుగు మీద సిరా మరక. అదే పట్టిస్తది."

ఆగిన.
ఆగి సూస్తే ముందట కుర్చీల
మా దేశ్‌ముఖ్ దొర, కాలు మీద కాలు.
ఆయన గడీల పద్దులు రాసే రాజలింగం
కనబడక అప్పటికి పదకొండు నెలలు.

హార్మోనియం ఆగింది.
నాలుక దానంతటదే మర్లింది:
"సూడుండ్రి అయ్యలారా, ఉప్పు తిన్న ఇంటికే
ద్రోహం జేసిన నౌకరి!"
తెర మీద నౌకరు ఏడుస్తుండు.
జనం వాని మొహం మీద మన్ను ఎత్తిపోసిండ్రు.
ఎనక జమీందారు తొడుగు ఇప్పుతుండు,
మరక ఇంత పెద్దగ, గుడారమంత.
ఎవ్వరు సూడలే. అందరు నన్నే ఇన్నరు.

ఆడోళ్ల దిక్కు నుంచి ఒక్కతి లేసింది,
కొత్తవాడల జంపఖానాలు నేసే బుచ్చవ్వ.
పుట్టుచెవుడు.
ఆమెకు నా కథ అందలే,
ఉత్త బొమ్మే అందింది.
వేలు పెట్టి ఆ తొడుగును సూపెట్టింది.
కుర్చీ దిక్కు తిరగనే లేదు.
ఎవరో కొంగు గుంజి కూసోబెట్టిండ్రు.

దొర రూపాయి ఇనామిచ్చిండు. తీసుకున్న.
తెల్లారి హన్మకొండల అదే చెప్పిన,
జనగామల అదే.
మూడేండ్లకు బొమ్మలే మాట్లాడ నేర్సినయి,
నా బువ్వ పోయింది.
రాజలింగం సంగతి
అడిగేటోళ్లు అప్పుడు లేరు, ఇప్పుడు లేరు.

కొత్తవాడ గల్లీల నేను ఎదురైతే
బుచ్చవ్వ అరచెయ్యి తన నోటి మీద పెట్టుకునేది.
తిట్టనుకున్న చాన్నాళ్లు.
కాదట, నా పేరట అది,
ఆమె చేతులల్ల.
ఆమె పోయింది. పిల్లలు గూడ
మొగ్గం కాడి నుంచి నన్నట్లనే పిలుస్తరు.
పిలిస్తే పలుకుత.