దేవో అంటే మబ్బు

మిరిగె పాయ, ఆరుద్ర పాయ.
పునర్వసు నడిమిట్ల
ఎర్రగుడి గుట్ట కింద
తొమ్మిదిమందిమి చాప పరిచినాం.

పదో మనిషి మద్దిలేటి మామ.
ముప్పై ఏండ్లు పత్తికొండ డిపోలో టైర్లకు గాలి కొట్టి
రిటైరయినంక తెల్లబట్టలు కట్టి
కర్నూల్లో ఎవరో భంతే దగ్గర
మూడు శరణాలు తీసుకొని వచ్చినోడు.
ఊరు మాత్రం ఇప్పటికీ
గాలి మద్దిలేటి అనే అంటుంది.

ఆ గుండు మీద రెండువేల ఏండ్ల నాటి అక్షరాలు.
కొన్ని వరుసలు ఇటునుంచి అటు,
కొన్ని అటునుంచి ఇటు,
చేను కొసన ఎద్దులు మళ్లినట్టు మళ్లుతాయి.
చెక్కినోడు ముందు సేద్యగాడే అయ్యుంటాడు
అంటాడు మామ.
నాకు చదవను రాదు, సాలు మాత్రం తెలుస్తుంది.

మామ కండ్లు మూసి మొదలుపెట్టినాడు.
మొదటి మాటే "దేవో" అని వచ్చింది.
తిక్కమ్మవ్వ ఆడికే ఆపింది.
"ఏమప్పా, పోయినేడు
నా గూట్లో పటాలన్నీ దించితివి,
దేవుడు ల్యాడంటివి,
అవసరం పడేసరికి దేవో అంటాండావే?"

ఎవరూ నవ్వల్యా.
నాకే నవ్వొచ్చి తల దించుకొంటి.
మామ చానాసేపు చెవి గోక్కొని
"పాళీలో ఆ మాటకు
మబ్బు అని గూడా అర్థం ఉండాదంట అవ్వా" అన్నాడు.
అవ్వ తలెత్తి చూసింది.
ఆకాశంలో ఆ రెండు అర్థాలూ ల్యావు.

తుమ్మచెట్టు కింద వజ్రాలోళ్లు.
గుంతకల్లు నుంచి, బళ్లారి నుంచి
ఒక టార్పాలిన్, ఉప్మా గిన్నె, పసిబిడ్డతో
దిగి నెలాయ.
వాన కడిగితేనే గదా రాయి తేలేది.
వాళ్లలో ఒకామె వచ్చి చాప అంచున కూర్చుంది.
మంత్రం రాదు, పెదాలు ఆడించింది.
చంకలో బిడ్డ మాత్రం
మా అందరికంటే గట్టిగా.

నేను నమ్మినానా అంటే, చెప్పలేను.
తొమ్మిదివందల అడుగుల నా బోరులోంచి
దుమ్ము లేచిన దినం
నా మొగుడు పాసుబుక్కు నా చేతికిచ్చి
బెంగళూరు సెంట్రింగు పనికి పోయినాడు.
ఇంట్లో శెనక్కాయ విత్తనం బస్తా.
విప్పల్యా, అమ్మల్యా.
వాళ్లు శరణం అన్నప్పుడల్లా
నేను ఆ బస్తా కుట్టును తలుచుకుంటి.
బోరింగు కడ్డీ మీద రెండు చేతులు పడినట్టు
నా గొంతూ పోయి వాళ్ల గొంతు మీద పడింది.

మూడోనాడు పొద్దు వాలేటప్పుడు వచ్చింది.
జొన్నగిరి రోడ్డుకు అవతల.
తారు మీద ఎవరో గీత గీసినట్టు
ఆడికే నిలిచిపాయ.
ఇవతల నా చేను, మామ చేను, అవ్వ మడిచెక్క, ఎండ.
అవతల నాగలింగారెడ్డి కందిచేలో
మడమ మునిగేటన్ని నీళ్లు.
వజ్రాలోళ్లు బిడ్డను నడుముకు కట్టుకొని
అటుపక్కకు పరుగు.

నేను మామ మీదికి పోయినా.
"గొంతులు మావి, వాన వాళ్లదా?"
మామ చేతులు తుడుచుకొన్నాడు,
గ్రీజు ల్యాకపోయినా తుడుచుకొనే అలవాటు.
"మనం అడిగింది అందరికీ అని గదమ్మా.
ఆ అందరిలో ఆయప్ప ఉండాడు."
"మేం లేమా?"
దానికి మామ ఏమీ అనల్యా.

వాసన ఒక్కటే రోడ్డు దాటొచ్చింది
ఎవురి పట్టా అడక్కుండా.
దొడ్లో బర్రె ముట్టె ఎత్తి నిలబడింది.
నేను బస్తా మూతి విప్పి
గుప్పెడు విత్తనం పట్టుకొని చూసి
మళ్లీ కట్టేసినా.

తెల్లారి ట్యాంకరు కాడ
వరుసలో బిందె పెట్టేసి
తిక్కమ్మవ్వ చంకలో చాపతో నిలబడుండాది.
"పా మద్దిలేటీ.
ఈ తూరి మబ్బుకు సర్వే నంబరు గూడా చెప్పు.
నూటా ఎనభైరెండు బై బి.
పాళీలో నంబర్లు ఉంటాయా, ఉండవా?"