తవిటమ్మ

నాకు ముందు ఇద్దరు పోయారు.
అందుకని పురుడు తీరకుండానే మా యమ్మ
నన్ను చేటలో పడుకోబెట్టి
ఎదురింటి అప్పకి అమ్మేసింది,
సోలెడు తవుడుకి.
చావొచ్చి గుమ్మంలో నిలబడితే
"ఈడు మావోడు కాడు, కొన్నోల్లనడుగు" అనడానికి.
అలా తవిటయ్యనయ్యాను.
అలాగే బతికాను.

గరివిడిలో పాత ఇనుం కొట్టు,
కాటా మీద కారుని చూస్తే
నాకు ఆ చేట గుర్తొచ్చింది.
మాంగనీసు గనుల దొరెవరో
ఓడ మీద తెప్పించుకున్న వేలియంటు,
అరవై రెండు మోడలు, ఎడమ పక్క స్టీరింగు.
చివరి ఇరవయ్యేళ్ళూ దాన్లో కోళ్ళు కాపరమున్నాయి.
తొమ్మిది క్వింటాళ్ళ ఎనభై కిలోలు తూగింది.
"రెట్ట బరువు తీసెయ్యి" అన్నాను.
తీశాడు, రెండు కిలోలు.

చీపురుపల్లి తెచ్చాను, ట్రాక్టరు తొట్టిలో.
సూరీడమ్మ కుట్టుమిషను ఆపి బయటికొచ్చి చూసింది.
ఏమీ అనలేదు.
బట్టలారేసే తాడు మాత్రం విప్పి
దొడ్డికి ఆ చివర కట్టుకుంది.

బానెట్టు ఎత్తితే
ఇంజను నిటారుగా లేదు.
చంకన బిందె పెట్టుకుని
బోరింగు దగ్గర మాటల్లో పడ్డ మనిషిలా
ఒక పక్కకి ఒరిగి నిలబడుంది.
విరిగిందేమోనని వారం రోజులు బెంగపడ్డాను.
దాని పుటకే అంత.

నా పానాలన్నీ మిల్లీమీటర్లవి.
పన్నెండు వదులు, పదకొండు పట్టదు.
ఆ సందులో ఎక్కడో ఉంది దాని దేశం.
సూరీడమ్మ మెడలో టేపు తీసి
బోల్టు తల మీద ఆనించి
"అరంగుళానికి అర నూలు తక్కువ" అంది.
జాకెట్లు కుట్టే మనిషిదీ ఆ బండిదీ
ఒకటే లెక్క.
నేనే మధ్యలో పరాయోణ్ణి.

ఎడమ చక్రాల నట్లు మొండికేశాయి.
పానకి పైపు తొడిగి, ఎక్కి తొక్కాను.
రెండు విరిగాయి.
మూడోదాని మీద తుప్పు గీకితే
ఎల్ అని ఒక ఇంగ్లీషు అక్షరం.
అవి ఎదురు మరలు.
బిగించే వైపు తిప్పితేనే ఊడతాయి.
ముప్పయ్యేళ్ళు జూటు మిల్లులో ఫిట్టరుని,
ఆ రాత్రి అన్నం దిగలేదు.

కాళ్ళు పెట్టేచోట తుప్పు తినేసి మట్టి కనిపించేది.
రేకు కొనే డబ్బుల్లేక
సూరీడమ్మ పాత బోర్డు కోసి అతికాను.
ఇప్పుడు నా మడమల కింద
"జాకెట్లు అర్జెంటుగా కుట్టబడును."
పక్క సీటు వాళ్ళకి ఫోను నంబరు,
ఐదంకెలదే.

బ్రేకు వాషర్లు జీపువి.
వాటర్ పంపు బేరింగు వరి చేలో మోటారుది.
కార్బురేటరు లోపల
ఒక కోడి ఈక.

తొలకరి పడ్డ మంగళవారం తాళం తిప్పాను.
దగ్గింది.
మళ్ళీ తిప్పాను. అదే దగ్గు.
బేటరీ దిగిపోయేదాకా తిప్పి
గోడకానుకుని బీడీ ముట్టించాను.
అప్పుడొచ్చింది ఎదురింటి అప్ప,
నడుం ఒంగిపోయి, కర్ర పోటేసుకుంటూ.
రెండో చేత చేట, చేటలో తవుడు.
"ఒరే తవిటీ, నీ కాడుంటే ఇది బతకదురా.
నాకమ్మీ."

అమ్మేశాను.
తవుడు బానెట్టు మీద కుమ్మరించి
"తవిటమ్మా" అని పిలిచింది.
ఆటో వాళ్ళ బేటరీ తగిలించి
మళ్ళీ తిప్పాను.
పండగ ముందు రాత్రి సూరీడమ్మ మిషనులా
టకటకమని అందుకుంది.

గేరు కర్ర లేదు దానికి, ఐదు మీటలు.
నాలుగు నొక్కినా ఉలకలేదు.
ఐదోది నొక్కితే కదిలింది,
వెనక్కి.

వెనక్కే వెళ్ళాం, రైలు గేటు దాకా.
సూరీడమ్మ రోడ్డు మీద నిలబడి
"రా, రా, నీ కుడికి, నా కుడికి కాదు" అని
చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి అడుగులేస్తోంది.
గేటు పడింది. పాసింజరు బండిలో జనం
తలలు బయటపెట్టి చూశారు.

కాయితాల్లో నాదే గానీ
బండి ఇప్పటికీ అప్పదే.
రోజూ పొద్దున్న కర్రతో బంపరు తట్టి
"తిన్నాదా?" అనడుగుతుంది.
తిరిగి కొనుక్కుంటానంటే
"ముందుకెల్లిన్నాడు సూద్దుంలే" అంటుంది.

తవుడు ఆ సాయంత్రమే
ఎవరిదో గేదె నాకిపోయింది.
బానెట్టు మీద ఆ నాలిక మేర
దుమ్ము లేని చోట
నీలం రంగు బయటపడింది.